మిషన్ మీద పువ్వు

అమ్మలు అల్లినవి అందరికీ నచ్చుతాయి. పెట్టుకోవడం మాత్రం ఎవరూ పెట్టుకోరు.

ఊలు జుంకాలు, నూలు గొలుసులు, క్రోషియా గాజులు, జడలోకి అల్లిక పూలు... ఇన్నేళ్ళలో ఆమె చేతిలోని కొక్కెం సూది ఖాళీగా ఉన్న రోజు తక్కువ. స్కాన్ సెంటరులో కౌంటరు ఉద్యోగం ముగించుకుని ఇంటికొచ్చి, మొహం కడుక్కుని, టీ గ్లాసు పక్కన పెట్టుకుని అల్లిక అందుకుందంటే కట్టుకున్నవాడు పిలిచినా పలకదు. ఆయన ఆమెకి సాలీడని పేరు పెట్టి, "గూడు ఎంతదాకా వచ్చిందోయ్?" అని అడుగుతుంటాడు. చుట్టాల చేతిలో పెడితే వాళ్ళు అటు తిప్పి ఇటు తిప్పి చూసి, "ఎంత ఓపికే తల్లీ నీకు!" అంటారు. ఓపికని మెచ్చుకున్నారంటే వస్తువుని మెచ్చుకోలేదని అర్థం. ఆ సంగతి తెలుసుకోవడానికి అమ్మలుకి చాలాకాలం పట్టింది. తెలిశాక తట్టుకోవడానికి ఇంకా ఎక్కువ కాలం పట్టేట్టే ఉంది.

ఒకసారి వదినగారింటికి వెళ్తే, తను కళ్ళు లాగేదాకా కూర్చుని అల్లిన నీలం గొలుసు కిటికీ తెరని పక్కకి లాగి కట్టడానికి పనికొస్తూ కనిపించింది. ముడి కూడా చక్కగా వేశారు. అమ్మలు అక్కడ నవ్వుతూ కాఫీ తాగి, అట్నుంచి అటే బాబాయి ఇంటికొచ్చి భోరుమంది.

నాన్న పోయాక ఆమెని పెంచి పెద్దచేసింది బాబాయే. దర్జీ. జీవితమంతా మిషన్ తొక్కి, ఇప్పుడు షాపుని మేనల్లుడి చేతిలో పెట్టి, రోజూ కాసేపు అక్కడికెళ్ళి కూర్చుని వాడికి వంకలు పెట్టి వస్తుంటాడు. దారం బిగువు వేళ్ళతో తెలుసుకోవడం అమ్మలుకి నేర్పింది ఆయనే. ఆమె ఏడుపంతా విని, "తెరకి కట్టారా! పోనీలే, తెర అయినా అందంగా ఉంటుంది. నాకొక పువ్వు చెయ్యి, నా కోటుకి పెట్టుకుంటా. పెట్టుకోకపోతే అప్పుడడుగు" అన్నాడు.

బాబాయి గుమ్మం దాటి బయటికెళ్ళాలంటే చొక్కా మీద చేతుల్లేని బూడిదరంగు కోటు ఉండి తీరాలి. తను కుట్టుకున్నదే. అమ్మలు ముదురెరుపు పువ్వొకటి అల్లి, వెనక పిన్నీసు కుట్టి తెచ్చింది. ఆయన దాన్ని చూసి మురిసిపోయి, వెనక్కి తిప్పి పిన్నీసు చూడగానే మొహం మాడ్చుకున్నాడు. మంచి గుడ్డకి ఊరికే చిల్లు పొడవడమంటే ఆయనకి మనిషిని గిల్లినట్టే. సూది దిగితే దాని వెంట దారం వెళ్ళాలి, లేకపోతే దిగకూడదు. చాదస్తమని పిన్ని అంటుంది. కావచ్చు.

"పెట్టుకుంటాలేవే, ఇలా ఇవ్వు" అన్నాడు కానీ, ఆ గొంతులో వదినగారి తెర వినిపించింది అమ్మలుకి.

పువ్వు వెనక్కి పట్టుకొచ్చి, తల బద్దలు కొట్టుకుని ఒక ఉపాయం కనిపెట్టింది. పర్సుల మూతలకి వాడే గట్టి అయస్కాంతపు బిళ్ళలు జత కొంది. ఒకటి పువ్వు కడుపులో పెట్టి చుట్టూ బిగువుగా అల్లేసింది. రెండోదానికి చిన్న గుడ్డ తొడుగు కుట్టింది. అది కోటు లోపలివైపు ఉంటుంది, పువ్వు బయట ఉంటుంది, మధ్యలో గుడ్డని పట్టుకుని ఉంటాయి. చిల్లు లేదు, గుచ్చుకోదు. టక్కుమని అతుక్కుంటే బాబాయి చిన్నపిల్లాడిలా తీసి పెట్టి, తీసి పెట్టి చూసుకున్నాడు. కోటు పువ్వు ఎడమవైపే ఉండాలన్నది దర్జీల పట్టుదల. ఎడమవైపే పెట్టుకున్నాడు. అమ్మలు తన తెలివికి తనే పొంగిపోయింది.

ఇక్కడ ఆ ఇంటి మాట ఒకటి చెప్పాలి. వాళ్ళింట్లో మిషనంటే రెండు. ఒకటి బాబాయి తొక్కినది. రెండోది ఆమధ్య గుండె కొట్టుకోవడం మందగించినప్పుడు డాక్టర్లు ఆయన ఎడమ భుజం కింద చర్మంలో పెట్టినది. పెట్టించుకొచ్చిన రోజునే "ఇన్నాళ్ళూ నేను మిషన్ తొక్కా, ఇప్పుడు మిషన్ నన్ను తొక్కుతోంది" అని ఆయనే ఎగతాళి చేసుకున్నాడు. ఆనాటి నుంచి ఇంటిల్లిపాదికీ అది మిషనే. ఆసుపత్రిలో దానికున్న పేరు ఇంట్లో ఎవరి నోటా రాలేదు. సెల్‌ఫోను మిషన్‌కి దగ్గరగా చొక్కా జేబులో పెట్టుకోవద్దని డాక్టరు చెబితే, బాబాయి ఆ మాటని అవసరానికి మించి నెత్తిన పెట్టుకుని, బయటికెళ్ళేటప్పుడు ఫోను ఇంట్లోనే వదిలేయడం మొదలుపెట్టాడు.

పువ్వొచ్చిన కొద్దిరోజులకి ఆయనకి కళ్ళు తిరగడం మొదలైంది.

ఇంట్లో ఉంటే బాగానే ఉండేవాడు. బయటికెళ్తే చాలు, గుండె దడదడలాడి నేల ఒరిగినట్టయ్యేదట. మొదటిసారి కూరల బండి పట్టుకుని ఆగాడు. రెండోసారి కరెంటు స్తంభం పట్టుకున్నాడు. మూడోసారి పట్టుకోవడానికేమీ దొరక్క రోడ్డు పక్కన చతికిలబడితే ఎవరో పుణ్యాత్ములు ఇంటికి తెచ్చి దింపారు. అమ్మలుకి ఇక అన్నం సహించలేదు. కౌంటరు దగ్గర ఫోను మోగితే చాలు, చేస్తున్న పని వదిలేసి లేచి నిలబడేది. నాన్న కూడా ఇలాగే, ఏమీ లేదంటూనే, గుమ్మంలో చెప్పులు విడుస్తూ పోయాడు. బాబాయి చెప్పులు గుమ్మంలో కనబడితే ఒక భయం, కనబడకపోతే ఇంకో భయం.

సెలవు పెట్టి, పిన్నిని కూడా వెంటబెట్టుకుని ఆయన్ని ఆసుపత్రికి తీసుకెళ్ళింది. పరీక్షల గదిలోకి వెళ్ళబోతూ బాబాయి కోటు విప్పి, "నలక్కుండా పట్టుకోవే" అని ఆమె చేతికిచ్చాడు. లోపల ఆయనకి తీగలు తగిలించి చూస్తున్నంతసేపూ అమ్మలు ఆ కోటుని ఒళ్ళో పెట్టుకుని, పువ్వు రేకులని వేలితో సర్దుతూ, నోటికొచ్చిన దేవుళ్ళందరినీ తలుచుకుంటూ కూర్చుంది.

"మిషన్ దివ్యంగా ఉంది" అన్నాడు డాక్టరు. "గుండె కూడా బాగుంది. వయసు కదా, ఎండ, జనం... బయట తిరుగుడు తగ్గించండి."

"విన్నారుగా!" అంది పిన్ని. "ఆ షాపు మెట్లెక్కి దిగడం ఇంక కట్టిపెట్టండి."

బాబాయి తప్పు చేసి దొరికినవాడిలా తలొంచుకుని చొక్కా గుండీలు పెట్టుకున్నాడు. ఆ షాపు ఒక్కటే ఆయనకి మిగిలిన లోకమని ఆ ఇంటివాళ్ళు ముగ్గురికీ తెలుసు. అమ్మలు ఏం చెయ్యాలో తోచక ఆయనకి కోటు తొడిగి, భుజాలు సర్ది, పువ్వు వంకరగా ఉంటే తిన్నగా పెట్టి, ఊడిపోకుండా అరచేత్తో గట్టిగా ఒత్తింది. ఆయన చిన్నగా నవ్వాడు. ఆ నవ్వు చూసి, పోనీ ఇదొక్కటైనా ఆయనకి సంతోషాన్నిస్తోంది కదా అనుకుంది.

తర్వాతి వారం ఒక ఉదయం కౌంటరు ముందు జనం కిటకిటలాడుతున్నారు. ఆ సెంటరులో పెద్ద స్కాను గది ఒకటుంది, లోపల మంచమంత అయస్కాంతం ఉన్నది. లోపలికి వెళ్ళేవాళ్ళ తాళాలు, పిన్నులు, నగలు తీయించే టెక్నీషియన్‌ని అందరూ మాగ్నెట్ మాస్టారంటారు. ఆయన దగ్గరికి పంపేముందు అడగాల్సిన ప్రశ్నలు అడగడం అమ్మలు పని. ఒంట్లో ఇనప ముక్కలున్నాయా, ఆపరేషన్లు అయ్యాయా, పేస్‌మేకర్ ఉందా. రోజంతా అడిగి అడిగి ఆ మాటలు ఆమెకి చిలకపలుకులైపోయాయి. నోరు అడుగుతుంటే మనసు కౌంటరు కింద సొరుగులో ఉన్న సగం అల్లిన జుంకా దగ్గర ఉండేది.

ఒక ముసలావిడ వచ్చింది, పక్కన కూతురు.

"పేస్‌మేకర్ ఉందా అమ్మా?"

"ఏంటది?" అంది ముసలావిడ.

కూతురు ఆవిడ చెవి దగ్గరికి వంగి గట్టిగా చెప్పింది. "గుండెకి మిషన్ పెట్టారా అని అడుగుతున్నారమ్మా! మిషన్!"

"నాకెందుకు మిషన్, నా గుండె రాయిలా ఉంటే!" అని ముసలావిడ నవ్వింది. కూతురు నవ్వింది. వెనక వరుసలోవాళ్ళు కూడా నవ్వారు.

అమ్మలు నవ్వలేదు. మిషన్. ఆ మాట ఇంట్లోది. ఇక్కడికెలా వచ్చింది? పేస్‌మేకర్, మిషన్, రెండు మాటలూ ఒకదాని మీద ఒకటి వచ్చి పడ్డాయి. పడ్డాక మధ్యలో ఎర్రగా, గుండ్రంగా, తన చేత్తో అల్లిన పువ్వు.

కుర్చీలోంచి లేచి స్కాను గది వైపు వెళ్ళిందో పరిగెత్తిందో ఆమెకే తెలియదు.

"మాస్టారూ, పేస్‌మేకర్ మీద చిన్న అయస్కాంతం పెడితే ఏమవుతుంది?"

"చిన్నదంటే?"

"పర్సు బిళ్ళ. గట్టిది. సరిగ్గా దాని మీదే."

మాస్టారు ఆమె మొహం చూసి, వేళాకోళం మానేశాడు. "మిషన్ తన లెక్క మర్చిపోతుందమ్మా. గుండె ఏం చేస్తోందో చూసుకోకుండా ఒకటే వరసలో కొట్టేస్తుంది. దడ పుడుతుంది, కళ్ళు తిరుగుతాయి. తీసేస్తే మళ్ళీ మామూలే, కంగారు లేదు. తీసేలోపు ఎక్కడైనా పడితేనే..." అని ఆగాడు. "ఎవరికి?"

ఎవరికని చెబుతుంది! బయటికెళ్తేనే కళ్ళు తిరిగేది కోటు బయటికే వేసుకుంటాడు కాబట్టి. ఆసుపత్రిలో మిషన్ దివ్యంగా ఉన్నది కోటు తన ఒళ్ళో ఉంది కాబట్టి. బయటికొచ్చాక తనే తొడిగింది. తనే తిన్నగా పెట్టి ఒత్తింది. ఊరంతటినీ పేస్‌మేకర్ ఉందా అని అడిగే నోరు ఇంట్లో ఒక్కసారి అడిగిన పాపాన పోలేదు.

వెంటనే బాబాయి ఫోనుకి చేసింది. ఎత్తింది పిన్ని.

"ఇంట్లో వదిలేసి షాపుకెళ్ళాడే. ఇదే ఆఖరుసారి, నా కత్తెర తెచ్చుకుంటానని ఒకటే గోల. సరే పొమ్మన్నా" అంది పిన్ని.

షాపు మేడ మీద. మెట్లు ఇరుకు, నిలువు. "పిన్నీ, పువ్వు పెట్టుకున్నాడా?"

"ఏం పువ్వే?"

"నా పువ్వు. కోటుకి."

పిన్ని గొంతులోకి వెంటనే తీపి వచ్చి చేరింది. "పెట్టుకోకుండా వెళ్తాడా తల్లీ! ఎంత బావుంటుందో. అసలు నీకెంత ఓపికే!"

ఓపిక అన్న మాట చెవిన పడగానే అమ్మలుకి ప్రాణం లేచొచ్చింది. పిన్ని అబద్ధమాడుతోంది! అందరిలాగే మొహమాటానికి చెబుతోంది! పువ్వు ఏ సొరుగులోనో, ఏ డబ్బాలోనో పడి ఉంది. ఏ తెరకో కట్టి ఉంది. ఎంత మంచి మాట!

"పిన్నీ, నేనేమీ అనుకోను. నిజం చెప్పు. పెట్టుకోలేదు కదూ? ఎక్కడో పడేశాడు కదూ? పడేశాడని చెప్పు, నీకు దణ్ణం పెడతా."

"ఇదేం పిచ్చే! నీ మీద ఒట్టు. రోజూ పెట్టుకుంటాడు. ఇవాళైతే అద్దం ముందు నిలబడి, నీలాగే అరచేత్తో ఒత్తుకుని మరీ వెళ్ళాడు. సంతోషమేనా?"

అమ్మలు ఫోను పెట్టేసింది. తను అల్లినవాటిలో ఒక్కటైనా ఒక్కరైనా రోజూ పెట్టుకోవాలని మొక్కుకున్న మనిషి, ఆ మొక్కు తీరిందని తెలిసి కౌంటరు పట్టుకుని నిలబడిపోయింది. మేనల్లుడికి చేస్తే ఫోను మోగి మోగి ఆగిపోయింది. మిషన్ల చప్పుడులో వాడికెక్కడ వినిపిస్తుంది?

ఆటో ఎక్కింది. ఆటో బజారు మొదట్లోనే ఇరుక్కుంది. దిగి పరుగు. చెప్పు ఒకటి తెగింది, రెండోదీ వదిలేసింది. గాజుల కొట్టు, పాత్రల కొట్టు, బూట్లు కుట్టేచోటు అన్నీ దాటుకుని వస్తే, షాపు మెట్ల దగ్గర జనం గుంపుగా ఉన్నారు. ఆమె పై ప్రాణాలు పైనే పోయాయి. "జరగండి! జరగండి!" అని అరుస్తూ తోసుకుని ముందుకెళ్తే, మధ్యలో ఉన్నది గుడ్డల తాను. బండిలోంచి దింపుతున్నారు. ఒకాయన, "ఏంటమ్మా అంత తొందర, బేరం ఇంకా మొదలవలేదు" అన్నాడు.

మెట్ల మధ్యలో బాబాయి కూర్చుని ఉన్నాడు.

తల గోడకి ఆనించి, కళ్ళు మూసుకుని, ఒక చేత్తో కమ్మీ పట్టుకుని. రెండో చేతిలో కాగితం చుట్టిన కత్తెర. మొహాన చెమట. కోటు ఎడమవైపున పువ్వు తిన్నగా, పొందిగ్గా, ఎవరు చూసినా మెచ్చుకునేట్టు ఉంది.

"బాబాయ్!"

కళ్ళు తెరిచాడు. "నువ్వేంటే ఇక్కడ? ఏం లేదు, కాస్త తిరిగితే కూర్చున్నా. మీ పిన్నికి చెప్పకు" అన్నాడు.

అమ్మలు పువ్వుని పట్టి లాగింది. పువ్వు ఊడి చేతిలోకొచ్చింది కానీ లోపలి బిళ్ళ కోటుకీ చొక్కాకీ మధ్య జారింది. ఆయన "ఏయ్, ఏయ్" అంటున్నా వినకుండా గుండీలు విప్పి, చెయ్యి దూర్చి, వెతికి వెతికి లాగి విసిరేసింది. అది గాల్లోనే మలుపు తిరిగి మెట్ల కమ్మీకి టక్కుమని అతుక్కుంది. పువ్వుని నోట్లో పెట్టుకుని పళ్ళతో దారం తెంపి, దాని కడుపులోని బిళ్ళని కూడా ఊడబీకి కింద బజారులోకి విసిరింది. అంత బిగువుగా ఎందుకల్లానురా భగవంతుడా అనుకుంది.

తర్వాత ఆయన పక్కన కూలబడి ఆయన చెయ్యి పట్టుకుంది. మణికట్టు దగ్గర నాడి దొరకలేదు. ఆయనే ఆమె చెయ్యి తీసి తన గుండె మీద పెట్టుకున్నాడు. ఇద్దరూ అలా కూర్చున్నారు. పైన మిషన్లు ఆగి ఆగి తిరుగుతున్నాయి. కాసేపటికి ఆయన మొహంలోకి రంగు వచ్చింది.

"అరె, తగ్గింది" అన్నాడు ఆశ్చర్యంగా.

అప్పుడు చెప్పింది అంతా, ఏడుస్తూ. "నేనే బాబాయ్. నా పువ్వే. నిన్ను చంపేద్దును. నా చేత్తో నేనే పెట్టాను."

బాబాయి ఆ చిరిగిన పువ్వు వంక చూశాడు. "అయితే షాపుకి రావచ్చన్నమాట" అన్నాడు. పువ్వుని మెల్లగా ఆమె గుప్పిట్లోంచి తీసుకుని, కత్తెరతో పాటు కాగితంలో చుట్టుకున్నాడు.

ఆసుపత్రిలో మళ్ళీ చూశారు. ఈసారి డాక్టరు మొదట అమ్మలుని తిట్టి, తర్వాత తనని తానూ తిట్టుకున్నాడు. కళ్ళు తిరగడం మళ్ళీ రాలేదు.

అమ్మలు మాత్రం అల్లిక మానేసింది. బుట్టనంతా మూటకట్టి బీరువా పైకెక్కించింది. కట్టుకున్నవాడు ఒకరోజు, "సాలీడుగారూ, గూడు పాతబడిపోతోంది" అని బుట్ట దింపితే, మళ్ళీ పైకే ఎక్కించింది. కొక్కెం చేత్తో పట్టుకుంటే చాలు, మెట్ల మీద మూసుకున్న కళ్ళు కనిపించేవి. రోజూ షాపుకి ఫోను చేసి బాబాయి మెట్లెక్కాడా, దిగాడా అని అడిగేది. మేనల్లుడు, "అక్కా, మావయ్య నా ప్రాణం తీస్తున్నాడు, బ్రహ్మాండంగా ఉన్నాడు" అనేవాడు. అయినా రేపు మళ్ళీ అడిగేది.

ఒక సాయంత్రం బాబాయే వచ్చాడు. కోటు వేసుకుని ఉన్నాడు. గుమ్మంలో చెప్పులు విడిచి, కుర్చీలో కూర్చుని, జేబులోంచి పువ్వు తీసి బల్ల మీద పెట్టాడు. చిరిగిన రేకుని కోట్లకి వాడే నల్లదారంతో కుట్టాడు. "నీ అల్లిక నాకు రాదు. నా కుట్టు వేశా" అన్నాడు. వెనక పిన్నీసు ఉంది.

అమ్మలు దాన్ని ముట్టుకోలేదు.

ఆయన కోటు విప్పి మోకాలి మీద పరుచుకున్నాడు. పిన్నీసు తెరిచాడు. కాసేపు అలాగే పట్టుకుని, మనిషి తనని తాను కూడదీసుకున్నట్టు ఊపిరి పీల్చి, బూడిదరంగు గుడ్డలోకి సూదిని దించాడు. నూలుపోగు ఒకటి పుటుక్కుమనడం ఇద్దరికీ వినిపించింది.

"బాబాయ్! చిల్లు!"

"పడనీ. చిల్లుకి రఫ్ఫు చేసుకుంటా, అది నా విద్యే. నువ్వు అల్లడం మానేస్తే దానికి రఫ్ఫు చెయ్యడం నాకు రాదే అమ్మలూ."

కోటు వేసుకుని ఆమె ముందు నిలబడ్డాడు. అమ్మలు ఆగలేకపోయింది. కోటు లోపలికి చెయ్యి పెట్టి, పువ్వు వెనక అంతా తడిమి చూసింది. పిన్నీసు, గుడ్డ, దాని వెనక ఆయన గుండె. ఇంకేమీ లేదు. మళ్ళీ ఒకసారి తడిమింది.

"తృప్తయిందా?" అన్నాడు. "మీ పిన్ని తనకీ ఒకటి కావాలంటోంది. పెట్టుకుంటుందో లేదో నేను చెప్పలేను మరి."

అమ్మలు కుర్చీ ఎక్కి బుట్ట దింపింది. కొక్కెం తీసుకుని, దారం చుట్టి అల్లికలో మొదటి కన్ను వేసింది. అది జారిపోయింది. మళ్ళీ వేసింది, అదీ జారింది. బాబాయి ఎదురుగా కూర్చుని, కోటు పువ్వు సర్దుకుంటూ, మూడోది నిలబడేదాకా చూస్తూ ఉన్నాడు.